నాలుగున్నర అడుగుల గోడ

మా అక్క కూతురు కిందటేడు జూన్‌లో హైదరాబాద్ వచ్చింది. ఎస్.ఆర్. నగర్‌లో హాస్టలు, మైత్రీవనం దగ్గర కోర్సు. 2003లో నేను దిగిందీ ఆ వీధుల్లోనే. సామాను రూములో పెట్టేసి, టీ తాగుదామని ఇద్దరం కిందికొచ్చాం. ఒక జిరాక్సు షాపు నెత్తిన ఎండకి వెలిసిపోయిన పాత బోర్డు ఇంకా అట్లాగే ఉంది. 'బ్రౌజింగ్, చాటింగ్, గేమ్స్, ప్రింట్స్.' అది చదివి పిల్ల నవ్వింది.

"చిన్నమ్మా, బ్రౌజింగ్ కోసం షాపుకి పోయేటోళ్ళా మీరు?"

"అవును. నెట్ సెంటరు. గంటకింత అని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేవాళ్ళు."

"ఎవరి కంప్యూటర్?"

"వాళ్ళదే."

"మరి మీ పాస్‌వర్డులు?"

టీ వచ్చింది కాబట్టి బతికిపోయాను. ఆ ప్రశ్నకి నా దగ్గర చిన్న జవాబు లేదు. ఉన్నది పెద్ద జవాబు. దానికి ఈ ఊరి చరిత్ర కొంత చెప్పుకోవాలి, మా రూమ్మేటు కథ ఒకటి చెప్పుకోవాలి. రెండూ అప్పుడు చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను.

*

హైదరాబాద్‌లో కంప్యూటర్ల కథ ఎవరు చెప్పినా సైబర్ టవర్స్‌తో మొదలుపెడతారు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాళ్ళగుట్టలు పోయి గాజు గోడలు రావడం, ఎకరాల ధరలు. ఈ కథలో ముఖ్యమంత్రులుంటారు, కంపెనీలుంటాయి, కాంట్రాక్టర్లుంటారు. అబద్ధమేం కాదు. కానీ ఆ గాజు గోడల వెనక కూర్చున్నవాళ్ళు అంతకుముందు ఎక్కడ కూర్చున్నారన్న సంగతి అందులో ఉండదు. వాళ్ళలో చాలామంది అమీర్‌పేటలో కూర్చున్నారు. ఇరుకు మెట్లెక్కి, ప్లాస్టిక్ కుర్చీలో, మోకాలి మీద నోట్సు పెట్టుకుని.

అమీర్‌పేటని ఎవరూ ప్లాను గీసి కట్టలేదు. తొంభైల చివర్లో వైటూకే భయం పట్టుకుంది. పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండే అంకెల్లో రాసుకున్నారు కాబట్టి, 2000 వచ్చేసరికి అవి దాన్ని 1900 అనుకుంటాయేమోనని భయం. సరిచేసేవాళ్ళు బోలెడంతమంది కావాల్సొచ్చారు. కోబాల్ వచ్చిన వాళ్ళకి అమెరికా దారి తెరుచుకుంది. మైత్రీవనం, నీలగిరి బ్లాకు, ఆదిత్య ఎన్‌క్లేవ్ అంతస్తులన్నీ కోర్సులతో నిండిపోయాయి. కోబాల్ పోయి జావా వచ్చింది, జావా పక్కన డాట్‌నెట్, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్ వచ్చాయి. ఆ రోజుల్లోనే షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త హైదరాబాద్ వచ్చి, ఇక్కడి కుర్రాళ్ళ చదువులు, ఏజెంట్లు, వీసాలు, కట్నాలు ఒకదానికొకటి ఎట్లా ముడిపడి ఉన్నాయో పరిశోధించి 'గ్లోబల్ బాడీ షాపింగ్' అని పుస్తకం రాశాడు. ఊళ్ళో కట్నం రేటుకీ, సిడ్నీలో ప్రోగ్రామర్ జీతానికీ సంబంధం ఉందని చూపించిన పుస్తకం అది.

మా సూర్యాపేట నుంచి అమీర్‌పేటకి నేనొచ్చింది వైటూకే అయిపోయాక. డాట్‌కామ్ బుడగ పగిలి, అమెరికా పోయినవాళ్ళు కొందరు తిరిగొచ్చి, మళ్ళీ కాస్త ఉద్యోగాలు మొదలవుతున్న రోజులు. మా నాయిన బస్టాండులో చెప్పింది ఒకటే మాట: "ఆర్నెల్లు. ఉద్యోగమొస్తే సరే, రాకపోతే ఇంటికొచ్చేయాలె." హాస్టలుకి నెలకి 1,200 రూపాయలు, తిండితో కలిపి. ఆ డబ్బుకి వచ్చేది గది కాదు, మంచం. ఇప్పటికీ ఆ వీధుల్లో ఇళ్ళ ముందు బోర్డులు చూస్తే తెలుస్తుంది: టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. అమీర్‌పేటలో మనిషికి అద్దెకి దొరికే కొలత ఆరడుగుల మంచం. దాని కింద ట్రంకు పెట్టె, తల దగ్గర గోడకి ఒక మేకు. తలుపు వేసుకుని ఏడవడానికైనా చోటు లేదు. బాత్రూం ముందు క్యూ ఉండేది.

ఈ చోటు కరువు కొత్తదేం కాదు. జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఈ నగరంలో తమకొక మూల వెతుక్కోవడం పాత కథే. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టినప్పటి నుంచీ లైబ్రరీలు అట్లాంటి మూలలే. ఇప్పటికీ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకి చదివేవాళ్ళకి పుస్తకం కంటే కుర్చీ ముఖ్యం. లైబ్రరీ కాకపోతే ఇరానీ హోటల్: ఒక చాయ్, రెండు బిస్కట్లు, రెండు గంటలు. కానీ ఇరానీ హోటల్ మూల మగపిల్లలది. ఆడపిల్లలు పోతే 'ఫ్యామిలీ' అని రాసిన కర్టెన్ వెనక్కి పోవాలి, అది కూడా ఫ్యామిలీతో.

అందుకే చెప్తున్నాను. ఆ నగరంలో పదిహేను రూపాయలిచ్చి, ఎవరి తోడూ లేకుండా, ఎందుకొచ్చావని ఎవరూ అడక్కుండా నేను కూర్చోగలిగిన మొదటి చోటు నెట్ సెంటరు.

*

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. వీఎస్ఎన్ఎల్ మొదట ముంబై, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లో ఇచ్చింది. 1998లో ప్రైవేటు కంపెనీలకీ అనుమతి దొరికాక గల్లీ గల్లీకి నెట్ సెంటర్లు పుట్టుకొచ్చాయి. హైదరాబాద్ ఇళ్ళల్లో కంప్యూటర్లు తక్కువ. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో విడిభాగాలు కొని బిగించిన ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక యూపీఎస్ ఉంటే షాపు తయారు.

మా నెట్ సెంటరు ఒక మెస్సు మీద మొదటి అంతస్తు. కింద నుంచి సాంబారు వాసన, పైన కంప్యూటర్ల వేడి. ప్లైవుడ్ చెక్కలతో గూళ్ళు కట్టారు, వాటికి ముదురు రంగు కర్టెన్లు. ఓనరు ఒక రూళ్ళ నోటుపుస్తకంలో పేరు, టైము రాసుకునేవాడు. నేను చాలారోజులు వేరే పేరు రాయించాను. ఎందుకో నాకే తెలియదు. తప్పు చేయకపోయినా అసలు పేరు ఇవ్వాలనిపించేది కాదు.

ఆ గూట్లో ఏం చేసేవాళ్ళం? రెజ్యూమేలు పంపేవాళ్ళం. ఇంటర్వ్యూ ప్రశ్నలు ప్రింటు తీసుకునేవాళ్ళం, పేజీకి రెండు రూపాయలు. ఆదివారం సాయంత్రాలు యాహూ మెసెంజర్. యాహూలో చాటింగ్ చేసే చోటుని 'రూమ్' అనేవాళ్ళు. మంచం మాత్రమే ఉన్న పిల్లలకి ఆ మాట ఎంత బాగుండేదో! ముక్కూమొహం తెలియనివాళ్ళు వయసు, ఆడా మగా, ఊరు అడిగేవాళ్ళు. నేను ఊరు 'హైదరాబాద్' అని కొట్టేదాన్ని. ఆ ఊరిదాన్నని ఒప్పుకున్నది ముందు ఆ తెర మీదే.

తెలుగు మాత్రం ఆ గూట్లోకి సరిగ్గా వచ్చేది కాదు. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. అది ఆ కంప్యూటర్లో లేకపోతే తెరంతా డబ్బాలు డబ్బాలుగా కనపడేది. 1991 నుంచే యూనికోడ్‌లో తెలుగుకి చోటుంది, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంది. ఆ సంగతి మాకూ తెలియదు, మా ఓనరుకీ తెలియదు, షాపులో ఉన్నది పాత విండోస్. మేం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకునేవాళ్ళం. 2006లో లేఖిని వచ్చి, బ్లాగులు మొదలయ్యాక, తెర మీద మొదటిసారి నా పేరు తెలుగులో చూసుకుని ప్రింటు తీసుకున్నాను. రెండు రూపాయలు.

ఇప్పుడు మా రూమ్మేటు సంగతి.

ఆమె పేరు రాయను. మా వైపు అమ్మాయే. జావాలో నాకంటే చురుకు, నాకు థ్రెడ్స్ అర్థమయ్యేట్టు చెప్పింది ఆమే. డిగ్రీలో తనతో చదివిన అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగంలో చేరాడు. ఆదివారాలు అతనికి మెయిల్ రాసేది, అతను రాసినవి చదువుకునేది. హాస్టలు ఫోనుకి అబ్బాయిల కాల్ వస్తే వార్డెను కింద నుంచి పేరు పెట్టి గట్టిగా పిలిచేది, ఎవరు చేశారో కూడా అరిచి చెప్పేది. కాబట్టి ఆమెకి ఆ ప్లైవుడ్ గూడే దిక్కు.

ఒక ఆదివారం కరెంటు పోయింది. యూపీఎస్ అరుస్తోంది. ఓనరు "టైమైపోయింది, లేవండి లేవండి" అని అందర్నీ లేపాడు. మేమిద్దరం మెట్లు దిగి వచ్చేశాం. తెర ఆరిపోయింది కదా, మెయిల్ కూడా మూసుకున్నట్టే అనుకుంది ఆమె. నేను కూడా అట్లాగే అనుకున్నాను. జావా నేర్చుకుంటున్నాం మరి!

మూడు వారాల తర్వాత వాళ్ళ నాన్న వచ్చాడు. చేతిలో మూడు ప్రింటు కాగితాలు. ఆమె తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాడెవడో మెయిల్ తెరిచి ఉండటం చూశాడు, లేదా ఆ కంప్యూటర్ పాస్‌వర్డు గుర్తుపెట్టుకుంది. ఉత్తరాలు ప్రింటు తీసి, పోస్టులో వాళ్ళింటికి పంపాడు. అడ్రసు ఎట్లా తెలిసిందంటారా? రెజ్యూమేలో ఉంటుంది కదా. తండ్రి పేరు, ఇంటి నంబరు, ఊరు, పిన్‌కోడ్‌తో సహా. వెబ్ పేజీ ప్రింటు తీస్తే అడుగున తేదీ పడేది. ఆ తేదీ కరెంటు పోయిన ఆదివారానిదే.

ట్రంకు పెట్టె ఒకచేత్తో, కూతురి చెయ్యి ఒకచేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు ఆయన. కొట్టలేదు, తిట్టలేదు. మెట్ల మీద ఒక్కసారి ఆగి, నా వైపు చూసి "నీకూ తెల్సా బిడ్డా?" అన్నాడు. నేను తెలియదన్నాను. ఆమె అక్కడే నిలబడి విన్నది. నాలుగు నెలల్లో పెళ్ళయిపోయిందని విన్నాను. నోట్సులు నా దగ్గరే ఉండిపోయాయి. ఆ నోట్సులతోనే నాకు ఉద్యోగం వచ్చింది.

*

2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి మా నెట్ సెంటరులో నోటుపుస్తకం మారింది. ఐడీ కార్డు జిరాక్సు, సంతకం, ఫోన్ నంబరు. దొంగ పేరు చెల్లదు. కర్టెన్లు తీసేశారు.

దేశమంతటికీ రూల్సు 2011 ఏప్రిల్‌లో వచ్చాయి. ఐటీ చట్టం కింద సైబర్ కేఫ్ నియమాలు. గుర్తింపు పత్రం లేకుండా కూర్చోనివ్వకూడదు. ఎవరొచ్చారో, ఏ సైట్లు చూశారో కనీసం ఏడాదిపాటు దాచాలి. గూళ్ళు లేని చోట కంప్యూటర్ల తెరలన్నీ అందరికీ కనపడేట్టు బయటివైపు తిరిగి ఉండాలి. గూళ్ళు కడితే వాటి గోడ ఎత్తు నేల నుంచి నాలుగున్నర అడుగులు దాటకూడదు. మైనర్లని తల్లిదండ్రులో, సంరక్షకులో తోడు లేకుండా ఆ గూళ్ళలో కూర్చోనివ్వకూడదు.

నాలుగున్నర అడుగులు! ఎన్ని చట్టాలు చదివినా నాకు ఈ కొలత దగ్గర కాలు ఆగిపోతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి తల కనపడదు, పక్కన నిలబడ్డవాళ్ళు తొంగి చూస్తే అన్నీ కనపడతాయి. ఉండీ లేనట్టుండే గోడ. బాంబులు పెట్టేవాళ్ళు నెట్ సెంటర్ల నుంచి మెయిళ్ళు పంపుతున్న రోజులవి, ప్రభుత్వానికి కారణాలున్నాయి. కాదనను. కానీ మా రూమ్మేటుకి కావాల్సింది కూర్చున్న మనిషి మీద నిఘా కాదు, లేచిపోయిన మనిషి వదిలేసినవి ఎవరి చేతా పడకుండా చూసే కాపలా. కర్టెన్ ఉన్న రోజుల్లోనే ఆమె గుట్టు బయటపడింది. ఆమెని పట్టిచ్చింది గోడ ఎత్తు కాదు.

ఈ రూల్సు వచ్చేటప్పటికి నెట్ సెంటర్లకి రోజులు దగ్గరపడ్డాయి. పిల్లలు తమ గది తాము జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టారు.

*

1995లో సెల్‌ఫోన్ వచ్చినప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది, ఎవరైనా మనకి చేసినా మనమే కట్టాలి. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. అదే ఏడాది రిలయన్స్ 501 రూపాయలకే ఫోన్ చేతిలో పెట్టింది. దాంతో కుర్రాళ్ళ చేతికి ఫోనొచ్చింది, బ్యాలెన్సు రాలేదు. మిస్డ్ కాల్‌తో ఒక భాషే పుట్టింది. ఒక రింగు అంటే చేరాను. రెండు రింగులంటే నువ్వు చెయ్యి. మా నాయినకీ నాకూ మధ్య ఎన్నో ఏళ్ళు నడిచిన సంభాషణ ఆ ఒక్క రింగే. అంతకుముందు మాకు పక్కింటి పీపీ నంబరు, రాత్రి రేటు తగ్గేదాకా ఎస్‌టీడీ బూత్ ముందు నిలబడటం.

ఫోను వచ్చాక ఊళ్ళో సమయం వదులైపోయింది. అంతకుముందు 'ఆదివారం నాలుగింటికి సత్యం థియేటర్ గేటు' అంటే నాలుగింటికి సత్యం థియేటర్ గేటే. రాకపోతే ఐదింటిదాకా చూడాలి. ఎదురుచూసేవాళ్ళతో గేట్లు, బస్టాపులు, పాన్ డబ్బాలు నిండి ఉండేవి. ఆ ఎదురుచూపుల్లోనే పక్కనున్నవాళ్ళతో మాట కలిసేది. తర్వాత "వచ్చాక ఫోన్ చెయ్యి" అన్న మాట వచ్చింది. కలుసుకునే చోటు ముందే నిర్ణయించుకునే పని తప్పింది. సత్యం థియేటర్ కూల్చేసి అక్కడ మాల్ కట్టారు, 2023లో కొత్త సినిమా హాళ్ళు తెరిచారు. ఆ గేటు దగ్గర ఇప్పుడు ఎవరి కోసం ఎవరూ గంటసేపు నిలబడరు.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. అంతకుముందు ఒక జీబీ నెట్టుకి 250 రూపాయల దాకా పెట్టి, నెలంతా పొదుపుగా వాడుకున్నవాళ్ళం. కొన్ని నెలలు పూర్తి ఉచితం, తర్వాత రోజుకో జీబీ. అదే ఏడాది ఏప్రిల్‌లో యూపీఐ, నవంబరులో నోట్ల రద్దు. ఈ మూడూ ఒకే ఏడాదిలో వచ్చి వీధిని మార్చేశాయి. నెట్ సెంటర్లు కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపులయ్యాయి. మెమరీ కార్డులో పాటలు నింపిచ్చే కుర్రాళ్ళు స్క్రీన్ గార్డులు అంటిస్తున్నారు. హాస్టలు బోర్డు మీద '24 గంటలు నీళ్ళు' పైన 'వైఫై' చేరింది. టీ బండి మీద డబ్బా "పది రూపాయలు అందాయి" అని అరుస్తుంది. 2017 నవంబరులో మెట్రో వచ్చి అమీర్‌పేట జంక్షనయ్యాక వీధిలో జనం పెరిగారు, వీధిలో నిలబడేవాళ్ళు తగ్గారు. మంచాలు మాత్రం అవే. ఫోర్ షేరింగ్ రూములో నలుగురూ నాలుగు గోడల వైపు తిరిగి పడుకుంటారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నలుగురికీ నాలుగు గదులు.

ఆ గదులు ఎంత గట్టివో 2020లో తెలిసింది. మార్చి 24 అర్ధరాత్రి నుంచి లాక్‌డౌన్. కరోనా భయంతో చాలా హాస్టళ్ళు ఖాళీ చేయమన్నాయి. మర్నాడు ఎస్.ఆర్. నగర్, పంజాగుట్ట పోలీస్ స్టేషన్ల ముందు వందలమంది పిల్లలు, ఊళ్ళకి పోవడానికి పాసుల కోసం. పాసులు తీసుకుని బండ్ల మీదా కార్లలో విజయవాడ రోడ్డు పట్టారు. ఆ దారి మా సూర్యాపేట మీదుగానే. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర సరిహద్దులో ఆపేశారు. ఎండలో, రోడ్డు మీద, గంటలకొద్దీ. ప్రతి ఒక్కరి చేతిలో ఫోనుంది, డేటా ఉంది, స్నేహితులున్నారు, తరగతులు కూడా త్వరలో అందులోకే వచ్చాయి. తల పెట్టుకోవడానికి ఆరడుగుల చోటు మాత్రం లేదు. టీవీలో ఆ దృశ్యం చూస్తూ నేను మా ట్రంకు పెట్టెల్ని గుర్తుచేసుకున్నాను. ఫోను గదిలాంటిదని ఇంతసేపూ రాసింది నేనే. గదిలాంటిదే గానీ గది కాదు.

*

అందరికీ అది గదిలాంటిది కూడా కాదు. ఆ మధ్య ఒక రాత్రి మా పిల్ల హాస్టలు కింద నిలబడి ఉంటే ఒక డెలివరీ అబ్బాయి వచ్చాడు. "అక్కా, మూడో ఫ్లోర్ వాళ్ళని జర పిలుస్తారా? వాచ్‌మన్ లోపలికి పోనిస్తలేడు, టైమైపోతుంది." మహబూబ్‌నగర్ వైపు అబ్బాయి. బీటెక్ అయింది. పగలు కోర్సు, సాయంత్రం నుంచి ఈ పని, కోర్సు ఫీజు దీంతోనే. రూమెక్కడ అని అడిగాను. "బోరబండలక్కా. పోయేది పండుకునేటందుకే. ఖాళీగా ఉన్నా రూముకి పోతే ఆర్డర్లు పడవు, హోటళ్ళ దగ్గర్నే ఉండాలె." మాట్లాడుతున్నంతసేపూ అతని కళ్ళు హ్యాండిల్‌కి కట్టిన ఫోను మీదే ఉన్నాయి.

నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో ఇట్లాంటి గిగ్ పనివాళ్ళు 77 లక్షలమంది. రాజస్థాన్ 2023లో వీళ్ళ కోసం మొదటి చట్టం చేసింది. మన దగ్గర అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. బీమా మంచిదే. కానీ అమీర్‌పేటలో ఏ హోటల్ ముందైనా రాత్రి తొమ్మిదింటికి చూడండి. ఫుట్‌పాత్ అంచున, బండి సీట్ల మీద, కరెంటు డబ్బాకి ఆనుకుని ఇరవైమంది కుర్రాళ్ళు. కూర్చోడానికి బెంచీ లేదు, పోవడానికి బాత్రూం లేదు. మాకు గంటకి పదిహేను రూపాయలకి దొరికిన గూడు కూడా వాళ్ళకి లేదు. నా ఫోన్లో నేను తలుపు వేసుకుంటాను. అతని ఫోన్లో అతను ఎక్కడున్నాడో వేరేవాళ్ళు చూస్తుంటారు. అన్నం ఆర్డరు పెట్టి, చుక్క కదులుతోందా లేదా అని చూసేవాళ్ళలో నేనూ ఉన్నాను.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. పుట్టస్వామి కేసు. ఆ తీర్పు చదివి సంతోషించాను. నాలుగేళ్ళకి, 2021 అక్టోబరులో, ఇదే నగరంలో పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్ళని ఆపి, వాళ్ళ ఫోన్లు తీయించి, వాట్సాప్‌లో 'గంజాయి' అన్న మాట వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. హక్కు వచ్చింది ఢిల్లీలో. గోడ ఎంత ఎత్తుండాలో మాత్రం ఇంకా వీధిలోనే తేలుతోంది.

ఇంట్లో కూడా. మా బావగారు కూతుర్ని హైదరాబాద్ పంపడానికి ఒక్కటే షరతు పెట్టారు: లైవ్ లొకేషన్. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆమె ఎక్కడుందో సూర్యాపేటలో చుక్కగా కనపడాలి. మా నాయినకి నేను చేరానని తెలియడానికి ఒక్క రింగు చాలింది. మిగతా ఇరవై మూడు గంటల యాభై తొమ్మిది నిమిషాలు నేనెక్కడున్నానో ఆయనకి తెలియదు. తెలుసుకునే దారి లేక నమ్మాడు. ఇప్పుడు తెలుసుకునే దారి ఉంది.

ఇంకోమాట కూడా న్యాయంగా చెప్పాలి. ఈ పిల్ల రాత్రి పదింటికి ఒంటరిగా బండి బుక్ చేసుకుని హాస్టలుకి వస్తుంది. నేను ఏడున్నర దాటితే మైత్రీవనం నుంచి ఎస్.ఆర్. నగర్ దాకా ఎవరు తోడొస్తారా అని చూసేదాన్ని. నాకు దొరికిన చోటు పదిహేను రూపాయల గూడు ఒక్కటే. ఆమెకి ఊరంతా దొరికింది. అది చిన్న విషయం కాదు. అయితే ఆ ఊరంతా తిరుగుతున్నంతసేపూ ఆమె వెనక ఒక చుక్క కూడా తిరుగుతోంది.

ఈ కథంతా చివరికి ఆమెకి చెప్పాను. ఒక ఆదివారం, అదే టీ బండి దగ్గర. రూమ్మేటు సంగతి, ప్రింటు కాగితాల సంగతి, మెట్ల మీద నేను తెలియదని చెప్పిన సంగతి. విన్నంతసేపూ ఫోను ముట్టలేదు. తర్వాత అడిగింది:

"ఆ అక్క ఇప్పుడెక్కడుంది చిన్నమ్మా?"

వెతికాను. ఆర్కుట్ వచ్చినప్పుడు వెతికాను, అది 2014లో మూతపడేదాకా అప్పుడప్పుడూ వెతుకుతూనే ఉన్నాను. ఫేస్‌బుక్‌లో వెతికాను. లింక్డిన్‌లో, ఉద్యోగం చేస్తోందేమోనన్న ఆశతో, ఆమె చెప్పిన జావా పేరుతో సహా కొట్టి చూశాను. పెళ్ళి తర్వాత ఇంటిపేరు ఏమైందో తెలియదు. చిన్నప్పటి స్నేహితుల్ని, ఇరవై ఏళ్ళ కిందటి లెక్చరర్లని, ఒకసారి బస్సులో పక్కన కూర్చున్న మనిషిని కూడా పట్టిచ్చిన ఫోను ఆమెని మాత్రం పట్టివ్వలేదు.

"సరే, నేను వెతుకుతా. పేరు చెప్పు" అంది మా పిల్ల, ఫోను చేతిలోకి తీసుకుని.

చెప్పబోయి ఆగాను. ఆమె తనంతట తాను ఎక్కడా కనపడకుండా ఉండాలనుకుందేమో. ఒకసారి పేరు, ఊరు, పిన్‌కోడ్ బయట పడ్డ మనిషి.

"వద్దులే" అన్నాను. పిల్ల నా మొహం వైపు చూసింది. ఫోను మళ్ళీ బల్ల మీద బోర్లా పెట్టి, ఇంకో రెండు టీలు చెప్పింది.